పదకొండో పాట

మా బాబాయి లోకంలో ఉన్న పాటలన్నీ వింటాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఎక్కడ వినిపించినా రెండు చెవులూ మూసుకుని కాళ్ళకు బుద్ధి చెబుతాడు. బస్సులో వినిపిస్తే బస్సు దిగేస్తాడు. పక్కింట్లో వినిపిస్తే వీధి చివరిదాకా పోయి నిలబడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. పోనీ ఆ పాడినవాడంటే ఆయనకు గిట్టదా అంటే, అదీ కాదు. అది ఆయన ప్రాణం పెట్టే ర్యాప్ గాయకుడి పాట.

ఆ గాయకుడికి మా ఇంట్లో తొందరయ్య అని పేరు. పెట్టింది మా నాయనమ్మ. బాబాయి మొదటిసారి క్యాసెట్టు తెచ్చి వినిపిస్తే ఆవిడ రెండు నిమిషాలు ఓపిక పట్టి, "ఎందుకురా వీడికంత తొందర? వెనకాల కుక్కలేమన్నా తరుముతున్నాయా?" అని అడిగిందిట. అప్పటినుంచీ ఆయన తొందరయ్యే. అసలు పేరు పలికితే మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ క్యాసెట్టులో పదకొండు పాటలున్నాయి. మొదటి పదీ బాబాయికి కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా, ఊపిరి ఎక్కడ పీల్చాలో దాంతో సహా అప్పజెబుతాడు. పదకొండోదాంట్లో మాత్రం ఒక్క ముక్క తెలియదు.

బాబాయిది లాండ్రీలో ఇస్త్రీ పని. ఆ పది పాటలూ ఆయన పనిముట్లే. పాటకు నాలుగు చొక్కాలు, నిదానం పాటైతే రెండు ప్యాంట్లు. తాళం పడేచోట ఇస్త్రీపెట్టె "తుస్సు"మని ఆవిరి వదులుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఏడో పాట మధ్యలో తొందరయ్య చిన్నగా దగ్గుతాడు. రికార్డు చేసినవాళ్ళు ఎందుకోగానీ ఆ దగ్గు తీసెయ్యలేదు. అక్కడ బాబాయి కూడా దగ్గుతాడు. చెయ్యి ఆగుతుంది. దాంతో ఏడో పాటలో ఇస్త్రీ అయిన ప్రతి చొక్కాకీ మూడో గుండీ కింద ఒక మడత పడుతుంది. ఖాతాదారులు కూడా అలవాటుపడిపోయారు.

"ఏమయ్యా, నా చొక్కాకు మళ్ళీ దగ్గొచ్చిందా?" అంటాడు బ్యాంకు గుమాస్తా.

"మీది ఆరో పాటలో చేద్దామనే అనుకున్నానండీ. ప్యాంటు అడ్డమొచ్చింది."

పదకొండో పాట మొదట్లో "టింగ్" అని ఒక గంట మోగుతుంది. బాబాయికి ఆ పాట గురించి తెలిసింది అంతే. ఆ టింగు చాలు, చేతులు వాటంతటవే చెవులమీదికి పోతాయి. లాండ్రీ తలుపుకు అప్పట్లో అలాంటి గంటే ఉండేది. ఎవరు తలుపు తీసినా టింగుమనేది, బాబాయి ఇస్త్రీపెట్టె వదిలేసి చెవులు మూసుకునేవాడు. ఒక హెడ్మాస్టరు గారి ప్యాంటు వెనకభాగం కాలి చిల్లుపడ్డాక, యజమాని గంట ఊడబీకి రెండు రేకుడబ్బాలు కట్టించాడు. "నీ ఒక్కడి కోసం నా కొట్టు చెత్తబండిలా మోగుతోందయ్యా" అని ఇప్పటికీ సణుగుతాడు.

సెలూన్లో ఒకసారి గడ్డం సగం గీశాక టింగుమంది. బాబాయి సగం నురగతో, మెడలో తువ్వాలుతో రోడ్డు దాటేశాడు. తువ్వాలు తిరిగిచ్చాడుగానీ, మిగతా సగం గడ్డం పూర్తవడానికి రెండ్రోజులు పట్టింది. మళ్ళీ ఆ పాటే వస్తుందేమోనని భయం.

పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. నోట్లో రెండు పరికరాలు, ఒక గొట్టం. లేవడానికి లేదు. డాక్టరుగారి రేడియోలో టింగుమంది. బాబాయి చేసేదిలేక, ఆ పాట వినపడకుండా మూడో పాట గొంతులోంచే గట్టిగా అందుకున్నాడు. పాపం డాక్టరు అది నొప్పనుకుని ఇంకో మత్తింజక్షన్ పొడిచాడు. బాబాయి ఇంకా గట్టిగా అందుకున్నాడు. డాక్టరు ఇంకోటి పొడిచాడు. ఆ రోజు సాయంత్రందాకా బాబాయి మాటలు కూడా తొందరయ్య మాటల్లాగే ఎవరికీ అర్థం కాలేదు.

"ఎందుకు బాబాయ్ నీకీ బాధ?" అని చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను.

"ఆ పాట మాత్రం ఆయన ఎదురుగా నిలబడి పాడితేనే వింటానే అమ్మాయ్. యంత్రంలో వినను."

"ఆయన మన ఊరు రాకపోతే?"

"వస్తాడు."

ఆ "వస్తాడు" అనేటప్పుడు బాబాయి ఇస్త్రీ బల్లమీంచి తలెత్తి కిటికీలోంచి రోడ్డు వైపు చూసేవాడు. తొందరయ్య అప్పుడే బస్సు దిగి నడిచొస్తున్నట్టు. నాకు నవ్వొచ్చేది. ఎందుకో కొంచెం దిగులు కూడా వేసేది. ఒక మనిషి కోసం అంతకాలం ఎదురుచూడ్డం నేను ఇంకెక్కడా చూడలేదు.

నిజానికి తొందరయ్య రెండుసార్లు వస్తానన్నాడు. మొదటిసారి గాలివానకు వేదిక కూలింది. రెండోసారి గొంతు పోయింది. రెండుసార్లూ బాబాయి తన కచేరీ చొక్కా తొడుక్కుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. నీలం రంగు చొక్కా అది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం దాన్ని ఇస్త్రీ చేసి మళ్ళీ బీరువాలో పెడతాడు. గుమ్మం దాటకుండానే అరిగిపోయిన చొక్కా ప్రపంచంలో అదొక్కటే అయుంటుంది.

ఇక మా అత్త గురించి చెప్పాలి. అత్త అంటే మా నాన్నకు చెల్లెలు, బాబాయికి అక్క. ఆవిడా అదే లాండ్రీలో, ఇస్త్రీ అయిన బట్టలు మడతపెట్టే గదిలో పనిచేస్తుంది. వయసులో ఉండగానే పెద్ద జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. మన పెదాలు చూసి మాట పట్టేస్తుంది. తను మాట్లాడితే మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. బాబాయి చెవులు మూసుకుని పరిగెత్తినప్పుడల్లా ఆవిడ చేసేది ఒకటే, నెత్తి కొట్టుకోవడం.

"చూడవే వీడి చోద్యం! దేవుడు రెండు చెవులిస్తే మూతలు పెట్టుకు తిరుగుతున్నాడు! ఆ చెవులు నాకన్నా ఇవ్వకూడదట్రా!"

బాబాయి తలొంచుకుని నవ్వేవాడు. అత్త చేత ఎన్ని తిట్లు తినడానికైనా ఆయన సిద్ధమే.

ఈ సంవత్సరం తొందరయ్య ఊరూరా తిరిగి ఆఖరి కచేరీలు చేస్తున్నాడని, తర్వాత ఇక పాడడని కబురొచ్చింది. జాబితాలో మా ఊరుంది. ఆదివారం మధ్యాహ్నం, ఆటల మైదానంలో. బాబాయికి కాళ్ళు నేలమీద ఆగలేదు. ఆ తర్వాతి కబురుతో గుండెల్లో రాయి పడింది. పదకొండో పాట అన్ని ఊళ్ళలోనూ పాడడం లేదట. గొంతు సహకరిస్తే చివర్లో పాడతాడట, లేకపోతే దండం పెట్టి వెళ్ళిపోతాడట.

అప్పటినుంచీ బాబాయికి తొందరయ్య గొంతు తప్ప వేరే ధ్యాస లేదు. "వేడినీళ్ళు తాగుతున్నాడంటావా? ఈ చలిగాలిలో మఫ్లరు చుట్టుకునే అలవాటుందో లేదో!" అని నన్ను పీక్కుతినేవాడు. సొంత తమ్ముడికి పడిశం పట్టినా ఎవరూ అంత బెంగ పెట్టుకోరు.

టికెట్లు తెచ్చాడు. మూడు. వేదిక ముందు ఇనప కంచెకు ఆనుకుని నిలబడే చోటు.

"ఒకటి నీది, ఒకటి నాది. మూడోది?"

"అక్కది."

నాది కుదురైన నోరు కాదు. "బాబాయ్, చెవిటివాడి ముందు శంఖమూదడమంటే ఇదే కదూ!" అనేశాను.

బాబాయి ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. ఆవిరి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన కళ్ళలో నేను కోపం చూడటం అదే మొదలు. "నువ్వు రానంటే రాకు. అక్క వస్తుంది" అన్నాడు. మళ్ళీ పని మొదలుపెట్టాడుగానీ ఏ పాటా పాడలేదు. ఆ రోజు చొక్కాలకు ఒక్క మడతా పడలేదు.

కచేరీ రోజున నీలం చొక్కా పొట్ట దగ్గర కలవలేదు. అత్త పక్క కుట్లు విప్పి, వదులు చేసి, "ఊపిరి మాత్రం గట్టిగా పీల్చకు" అని పంపింది. తనూ తయారై వచ్చింది. నేను సిగ్గుపడుతూనే వెనకాల నడిచాను.

కంచె దగ్గర మనిషెత్తు స్పీకర్లు రెండున్నాయి. బాబాయి వాటికి సరిగ్గా ఎదురుగా అత్తను నిలబెట్టి, ఆవిడ రెండు చేతులూ తీసి కంచె మీద పెట్టాడు. తొందరయ్య వేదికమీదికి వచ్చాడు. కచేరీకని ఊళ్ళో గోడలమీద అంటించిన బొమ్మలో ఉన్నంత సన్నగా లేడు. ఆయనకూ చొక్కా బిగుతుగానే ఉంది. బాబాయి అది చూసి ఎంత సంతోషించాడో! మొదటి పాట మొదలవగానే కంచె అదిరింది. నా పళ్ళు కూడా అదిరాయి. అత్త కళ్ళు మూసుకుంది.

ఏడో పాట వచ్చింది. బాబాయి దగ్గడానికి సిద్ధంగా ఉన్నాడు. తొందరయ్య దగ్గలేదు, ఆ చోటు ఊరికే దాటేశాడు. కానీ సరిగ్గా అక్కడే రెండు దగ్గులు వినిపించాయి. ఒకటి బాబాయిది. రెండోది అత్తది.

నేను గిరుక్కున అటు తిరిగాను. అత్త కళ్ళు మూసుకునే ఉంది, చేతులు కంచెమీదే ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. పాటలో ప్రతి ముక్కా ఆవిడకు తెలుసు.

"బాబాయ్, నాకు నిజం చెప్పు" అన్నాను చెవిలో అరిచి.

బాబాయి నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "ఆ క్యాసెట్టు మేమిద్దరం కలిసి కొన్నామే. మధ్యాహ్నం తిండి వేళలో రోజుకొక్క పాట. ఇయర్‌ఫోన్లో ఎడమది దానికి, కుడిది నాకు. పదోరోజు పదో పాట అయిపోయి టింగుమంది. అక్క టేపు ఆపేసి 'రేపు' అంది. ఆ రాత్రే జ్వరమొచ్చింది."

బాబాయి కంచెమీదున్న అత్త చేతులకేసి చూశాడు.

"అక్క వినలేనిది నేనెలా వింటాను చెప్పు? పది పాటలు దానికున్నాయి, పది నాకున్నాయి. సరిపోయింది. ఇక్కడైతే ఈ అదురు దాని చేతులకన్నా అందుతుంది."

"ఈ మాట అత్తకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఏడుస్తుంది. పిచ్చోణ్ణనుకుంటే తిడుతుంది. తిడితేనే నయం."

పదో పాట అయిపోయింది. తొందరయ్య గొంతు పట్టుకుని ఆగాడు. "గొంతు పోతోంది. ఒక్క పాట మిగిలింది. పాడనా, వద్దా?" అన్నాడు. మైదానమంతా అరిచింది. బాబాయి ఒక్కడే అరవకుండా కంచె పట్టుకుని వేలాడుతున్నాడు. జనం అరిచి అరిచి ఆగారు. అంతా నిశ్శబ్దం. జనం నోళ్ళు చూసి సంగతి అర్థం చేసుకున్న మా అత్త, వేదిక వైపు తిరిగి, ఈలోగా అందరూ ఆపేశారని తెలియక, అప్పుడు అందుకుంది.

"పాడు నాయనా! మా వాడు చచ్చేట్టున్నాడు!"

మైదానం మొత్తానికి వినిపించింది. తొందరయ్య వంగి చూసి, నవ్వి, "సరేనమ్మా" అన్నాడు.

టింగ్.

బాబాయి రెండు చేతులూ చటుక్కున చెవులమీదికి పోయాయి. ఎదురుచూసిందంతా ఈ పాట కోసమే, చేతులకు మాత్రం ఆ సంగతి తెలియదు! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అత్త ఆ చేతులు చూసింది. చూడగానే ఏ పాటో తెలిసిపోయింది. కంచె వదిలేసి, బాబాయి మణికట్లు రెండూ పట్టుకుని కిందికి లాగింది.

"తియ్యరా చేతులు! విను! నా కోసం ఆగింది చాలు."

"నీకు తెలుసా అక్కా?"

"చెవుడొచ్చింది చెవులకిరా, బుర్రకి కాదు!" అంది. ఇది కూడా మైదానం మొత్తానికీ వినిపించింది.

బాబాయి విన్నాడా అంటే, విన్నాడు. సగం విన్నాడు. మొదటి వరుస వినగానే అత్త వైపు తిరిగి, పెదాలతో నిదానంగా ఆ వరుస చెప్పాడు. ఈలోగా తొందరయ్య నాలుగు వరుసలు ముందుకెళ్ళిపోయాడు. బాబాయి పరిగెత్తి ఒకటి పట్టుకుని చెప్పేవాడు, మూడు జారిపోయేవి. అత్త, "ఆ, ఆ, తర్వాత?" అంటూ ఆయన్ని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. పీల్చుకున్న ఒక్కసారీ నీలం చొక్కా గుండీ ఎగిరి వేదికమీద పడింది.

ఇప్పుడు ఆ పాట ఎక్కడ వినిపించినా బాబాయి పారిపోడు. ఎడమ చెవి ఒక్కటి మూసుకుని కుదురుగా కూర్చుంటాడు. మొన్న సెలూన్లో అలాగే కూర్చుంటే, "చెయ్యి తియ్యండి బాబూ, అటు పక్క జుట్టు కత్తిరించాలి" అన్నాడట సెలూన్ ఆయన.

"ఈ పక్కది మా అక్క వాటా. పాట అయ్యాక కత్తిరించు."

పాట అయ్యేదాకా ఆయన కత్తెర పట్టుకుని నిలబడ్డాడట.