తట్టి చూడని వైసు

డెబ్బైల్లో కరువుకు చేను ఎండిపోతే, ఇంట్లోనే సైకిళ్ళు బాగుచేసి బతుకుదామని అనంతపురంలో ఇనుప ముక్కల్ని పట్టి బిగించే పాత వైసు కొన్నాను. నిగనిగలాడే పచ్చరంగు చూసి మోసపోయాను.

ఊరికి పోయే బస్సులో పక్కనున్నాయన నా ఒళ్ళోని వైసును నాణెంతో తట్టాడు. ఖంగుమనాల్సింది మొద్దుగా పలికింది.

“కుండ కొంటే తట్టి చూస్తావే, దీన్ని చూడలేదేమప్పా? రంగు కింద పగులుండాది. బిగించి సుత్తితో కొడితే ముక్క మొగానికి ఎగుర్తాది. నేనూ తట్టకుండానే కొంటిని,” అని గుంటపడిన ఎడమకన్ను చూపించాడు.

బుక్కరాయసముద్రంలోనే దిగి, వైసు మోసుకుంటూ వెనక్కి, కొన్న అంగడికే పోయాను.

“పగులేంది? గట్టిగుండాదన్నా!” అన్నాడు అంగడాయన.

“అట్లయితే నువ్వే బిగించి కొట్టప్పా,” అని అంగట్లోని సుత్తి తీసి చాపినాను.

ఆ దొంగోడు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.