మెడికల్ బోర్డు దగ్గర అమ్మ

అమ్మ పోయిన పదో రోజున తమ్ముడింట్లో ఆదరణ కూడిక జరిగింది. కొడుక్కి ఉద్యోగం రాకపోయినా సరే, అబద్ధానికి ఒప్పుకోని తల్లి అని పాస్టరు గారు ఆమెను మెచ్చుకున్నారు. తమ్ముడు తల వంచుకుని విన్నాడు. ఆ మాట నిజం కాదు. ఆ సంగతి తమ్ముడికి చెప్పే పని అమ్మ వాడి అక్కనైన నాకు అప్పగించి పోయింది.

మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన బాయిలో, అంటే భూగర్భ బొగ్గు గనిలో, పని చేసేవాడు. ఆ రోజుల్లో తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనే కొడుక్కి కంపెనీలో ఉద్యోగం. బ్లాస్టింగ్ మోతకు బాపుకు ఒక చెవి సగం పోయింది, రెండోది బాగానే ఉంది. రెండూ పోయాయని చెప్పాలన్నది తమ్ముడి పట్టుదల. నెల రోజులు మా క్వార్టర్‌లో అదే తయారీ. తమ్ముడు వెనక నుంచి స్టీలు పళ్ళెం కింద పడేసేవాడు. బాపు ఉలిక్కిపడేవాడు.

"ఉలికిపడద్దంటే గట్ల ఎగురుతవేంది బాపూ?"

"పళ్ళెం సొట్టపోతది గదరా."

"సూసినవా, నేను మెల్లగ అన్నది గూడ ఇనవడ్డది నీకు!"

పక్కింటి అక్క గోడ మీంచి అనేది: "మా ఆయనకైతే నేను పిలిస్తె ఎన్నడు ఇనవడది. బోర్డుకు నన్ను గూడ తీస్కపోతే సరిపాయె."

అందరం నవ్వేవాళ్ళం, అమ్మ తప్ప. వద్దనలేదు, సరేననలేదు. నా చిన్నప్పుడు డ్యూటీ మార్చుకొమ్మని అడగడానికి ఒకాయన వస్తే, బాపు ఇంట్లో లేడన్నాను. అమ్మ నన్ను ఆయన వెనకాలే సందు చివరిదాకా పంపి, "ఉన్నడు, నేను అబద్ధం చెప్పిన" అని చెప్పించింది. అలాంటి మనిషి ఈసారి నోరు మెదపకపోవడం మాకు వింతగా ఉండేది. అన్నం ముందు ఆమె మెల్లగా ప్రార్థన చేసేది. అది ముగిశాక ఆమెన్ అననిదే బాపు పళ్ళెం ముట్టేవాడు కాదు.

చెవిటి మనిషికి తోడు కావాలని బోర్డుకు అమ్మను వెంట పంపాము. తలుపు సగం తెరిచి ఉంది. నేనూ తమ్ముడూ వరండాలోంచి చూస్తున్నాము. డాక్టరు వెనక నుంచి పిలిచాడు, చప్పట్లు కొట్టాడు. బాపు కదల్లేదు. డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. కుర్చీ వెనక నిలబడ్డ అమ్మ కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి. ప్రార్థన ముగియగానే బాపు "ఆమెన్" అన్నాడు.

డాక్టరు తలెత్తి ఇద్దరినీ చూశాడు. ఫిట్ అని రాశాడు. మర్నాడు బాపు మొదటి షిఫ్టుకు పోయాడు.

"కావాల్ననే చేసినవ్," అన్నాడు తమ్ముడు ఇంటికి వచ్చాక. "నోటితోటి చెప్పలేక ప్రార్థనతోటి చెప్పినవ్."

అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. సంగతి చర్చి సంఘంలో తెలిసింది. అందరూ ఆమెను గొప్పగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆమె ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడూ లేవలేదు. వినయం అనుకున్నాము.

తమ్ముడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ తోలడానికి కుదిరాడు. బాపు పోయాక అమ్మ వాడి ఇంట్లోనే ఉంది, వాడి బిడ్డను పెంచింది. వాడు మాత్రం ఆమెతో నేరుగా మాట్లాడేవాడు కాదు. "నాయినమ్మను మందు గోలీలు ఏస్కొమ్మను" అని ఆమె ముందే బిడ్డతో అనేవాడు. ఒకసారి ఆ పిల్లకు విసుగొచ్చింది. "ఈన్నే కూసున్నది గద నాన్నా, నువ్వే చెప్పరాదు?" అంది. వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. అమ్మ పిల్ల జడ అల్లుతూనే ఉంది.

తెలంగాణ వచ్చిన ఏడు, మధ్యలో ఆపేసిన వారసత్వ ఉద్యోగాలు మళ్ళీ ఇస్తారని ఊరంతా మాట. తమ్ముడికి వయసు దాటిపోయింది. ఆ ఏడే అమ్మ దవాఖానలో పడింది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తూ అడిగాను, ఆ రోజు కావాలనే చేసిందా అని.

"అందరు గట్లనే అనుకున్నరు. నేను గూడ అనుకోనిచ్చిన."

"మరి ఏం ప్రార్థన చేసినవే?"

ఆమె నా వైపు చూడలేదు. "ఈ ఒక్క అబద్ధం చెల్లనియ్యి ప్రభువా అని అడిగిన బిడ్డా. లోపట్నే అనుకుందామనుకున్న. బయటికొచ్చింది."

"తమ్మునికి చెప్పకపోయినవా?"

"ఏ మొఖంతోని చెప్పాలె? సంఘమంత నన్ను మెచ్చుకుంటాంటె నోరు మూసుకుని ఇన్నదాన్ని. నేను పోయినంక నువ్వు చెప్పు."

కూడిక అయ్యాక, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న తమ్ముడికి అంతా చెప్పాను. చేతిలో కుర్చీ పట్టుకునే విన్నాడు.

"నా మనసు కుదుటపడాలని చెప్తున్నవ్ అక్కా."

"ఆమెనే చెప్పింది."

"జరంల ఏదో అన్నది కావచ్చు. అమ్మ గసొంటిది అడగది." వాడి గొంతు పెరిగింది. "పన్నెండేండ్లు ఆమెతోని సక్కగ మాట్లాడలె. ఎందుకు? అబద్ధానికి రాలేదని. ఇప్పుడు గది గూడ గుంజుకుంటవా నువ్వు?"

నేను తర్వాతి కుర్చీ అందించాను. వారం తర్వాత సమాధి రాయి చెక్కే మనిషి వచ్చాడు. పేరు కింద "సత్యం తప్పని తల్లి" అని ఉండాలన్నాడు తమ్ముడు. అక్షరాలు తప్పు పోకూడదని నన్నే కాగితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను.