రాతిబల్ల మీద ఆడచెయ్యి

ఎడింబరోలోని ఒక అచ్చుశాలలో గ్రిజెల్ టల్లక్ పన్నెండేళ్లుగా సీసపు అక్షరాలు పేరుస్తోంది. చేతివేగంలో ఆమెకు సాటివచ్చే మగవాడు లేడు. అయినా పేర్చిన పేజీలను ఇనుపచట్రంలో బిగించే రాతిబల్ల దగ్గరికి ఆడవాళ్లు వెళ్లకూడదు. అది మగవాళ్ల పనట. ఆ సంగతి రాతికి ఎవరు చెప్పారో మరి!

ఎప్పటికైనా ఆ పని చేసి తీరాలని గ్రిజెల్ పంతం. రొట్టె చుట్టి తెచ్చుకున్న కాగితాన్నే మడిచి, అంకెలు వేసి, విప్పి చూసుకుంటూ పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చయ్యే పేజీల్లో దేని పక్కన ఏది రావాలో, ఏది తలకిందులుగా పడాలో కంఠతా పట్టింది.

ఒక శుక్రవారం బల్ల దగ్గర పనిచేసే పిట్‌కెర్న్ పన్నునొప్పితో రాలేదు. చర్చి ప్రసంగాల పుస్తకమేమో సాయంత్రానికల్లా అచ్చవ్వాలి. ఫోర్‌మన్ లోరిమర్ గ్రిజెల్‌ని పిలిచి, "సరే, నువ్వే బిగించు. సరిగ్గా వస్తే ఇకమీదట నీకూ ఈ పని ఇస్తా," అన్నాడు.

మధ్యాహ్నం దవడకు గుడ్డ కట్టుకుని పిట్‌కెర్న్ దిగబడ్డాడు.

"ఎవరు బిగించారిది?"

"నేనే. తప్పుంటే చూపించండి."

"తప్పొప్పుల సంగతి కాదు. ఆడదాని చెయ్యి పడ్డ చట్రాన్ని ఇక్కడ ఏ మగాడూ మిషనెక్కించడు. కాదంటే అందరం కోట్లు తగిలించుకుని పోతాం."

మిషన్ల దగ్గర వాళ్లంతా చేతులు కట్టుకు నిలబడ్డారు. లోరిమర్ బల్ల దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాడు. పిట్‌కెర్న్ బిగింపులు ఊడదీసి, పేజీలన్నీ బయటికి లాగి, మళ్లీ తన చేత్తో అమర్చాడు. గ్రిజెల్ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. తిరగబడ్డ అక్షరాలు చదవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

"మిస్టర్ పిట్‌కెర్న్, పన్నెండో పేజీ, పదమూడో పేజీ తారుమారయ్యాయి."

"పోయి నీ అక్షరాలు ఏరుకో తల్లీ. నాకు పాఠాలు చెప్పొచ్చావు!"

లోరిమర్‌కీ చెప్పింది. "ఇంక రచ్చ చెయ్యకమ్మా," అన్నాడు. ప్రూఫు తీసి చూసే వ్యవధి లేదంటూ అలాగే అచ్చేశారు.

మర్నాడు చూస్తే వెయ్యి కాగితాలు చెత్తకిందే లెక్క. యజమాని ఎగిరెగిరిపడ్డాడు. లోరిమర్ తల వంచుకుని, "నిన్న బల్ల దగ్గరికి ఆడవాళ్లు వెళ్లారండీ," అన్నాడు. అందులో అబద్ధం లేదు. గ్రిజెల్ కడుపు మండింది అందుకే. పిట్‌కెర్న్ దవడ నిమురుకుంటూ నిలబడ్డాడు.

సాయంత్రం లోరిమర్ ఒక చీటీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తలుపుకి అంటించాల్సిన నోటీసు: బల్లగదిలోకి ఆడవాళ్లు రాకూడదు.

"త్వరగా కావాలి గ్రిజెల్. నీకన్నా బాగా పేర్చేవాళ్లెవరున్నారు చెప్పు?"

ఆమె పేర్చింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. బిగించడానికి పిట్‌కెర్న్ వచ్చి పట్టుకుపోయాడు.