నల్ల మెట్లు

మొన్న ఆదివారం చర్చిలో మా మనవరాలు కీబోర్డు వాయిస్తుంటే నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను. పాట ఎత్తుకున్నామె గొంతు అనుకున్నదానికంటే పైకి పోయింది. మా పిల్ల కంగారు పడలేదు. ఎడమచేత్తో ఏదో బటన్ ఒకటికి రెండుసార్లు నొక్కి, ఎప్పటి వేళ్లతో ఎప్పటిలాగే వాయించుకుంటూ పోయింది. ప్రార్థన అయ్యాక "గదేంది బిడ్డా, నువ్వు నొక్కింది?" అని అడిగాను. "శ్రుతి మార్చేది నాయినమ్మా. మనమేం చెయ్యనక్కర్లే, పాట మొత్తం దానంతటదే పైకి జరుగుతది" అంది. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ బటన్ చేసే పని కోసం పెళ్లీడు పిల్లగా నేను ఎంత పళ్లు కొరుక్కున్నానో, ఎన్ని పూటలు అన్నం మీద అలిగానో దానికేం తెలుసు!

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. మా ఊరు నకిరేకల్‌కు ఒక పూట నడక. మా బాపు ఊళ్లో ఉపదేశి. వారమంతా వాడలో పిల్లలకు అక్షరాలు చెప్పి, ఆదివారం పెద్దలకు వాక్యం చెప్పేవాడు. మట్టి గోడలూ తాటాకు కప్పూ ఉన్న మా ప్రార్థన గుడిలో విలువైన వస్తువు ఒక్కటే, హార్మోనియం. నల్లగొండ నుంచి వచ్చిపోయే మిషను దొరసాని తన దేశానికి తిరిగి వెళ్తూ దాన్ని మాకు వదిలిపెట్టింది. ఆమె నాకేమీ నేర్పలేదు. ఆమె వాయిస్తుంటే నేను వేళ్ల వంక చూసేదాన్ని, అంతే. ఆమె వెళ్లాక తిత్తి కదిలించి, వేళ్లతో ఒత్తే మెట్లలో ఎడమ చివరనున్న తెల్లదాని దగ్గర మొదలుపెట్టి, తెల్లవాటి మీదే ఒక్కో పాటా వెతుక్కున్నాను. నల్లవాటి జోలికి పోలేదు. దొరసాని ప్రభువు సిలువెక్కిన శుభ శుక్రవారం నాడు, ఎవరైనా చనిపోయినప్పుడు నల్ల మెట్లు ఎక్కువగా ఒత్తేది. అవి దుఃఖం పాటలకని నాకు నేనే తేల్చుకున్నాను. వాడంతా నా మాటే నమ్మింది. పొలం పనికి పోయే ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్నే, కానీ ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు మాత్రం నేనొక ఫలానా మనిషినని నాకు అనిపించేది.

నా కష్టమంతా మా అవ్వతో వచ్చింది. బాపును కన్నతల్లి. నాట్లలో పాట ఎత్తుకునే మనిషి ఆమె. మడికి ఆ చివరనున్న వాళ్లకు వినపడాలి కాబట్టి ఎక్కడో పైనుంచి అందుకునేది. పొలంలో ఎత్తుకున్న మనిషే గుడిలోనూ ఎత్తుకోవాలన్నది మా వాడ కట్టుబాటు. అయితే ఎక్కడ ఎత్తుకుంటుందో ఆమెకే తెలియదు. నాట్లు పడిన వారం ఒక శ్రుతి, జలుబు చేసిన వారం ఇంకొకటి, ఊరి దొర జీతగాడితో కొట్లాడిన వారమైతే ఇక ఆకాశమే. పైగా చరణం చరణానికీ ఇంకాస్త ఎక్కేది. నాకు వాయించడం తెలిసింది ఒక్క చోటి నుంచే. పెట్టె ఒకటి పాడేది, జనం ఒకటి పాడేవారు. నేను చెమటలు కక్కుతూ ఆ మెట్టూ ఈ మెట్టూ తడుముకునేదాన్ని. "ముందు నేను శ్రుతి ఇస్త అవ్వా, నువ్వు అందుకో" అని బతిమాలితే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ప్రార్థన మనిషి నోట్లెకెల్లి మొదలుగావాలె. నీ పెట్టెకు బాప్తిస్మం ఇచ్చిన్రా?" అంది.

ఇట్లా ఉండగా నల్లగొండ నుంచి సైకిలు మీద అయ్యగారు వచ్చారు. మా ఊళ్ల సంఘాలన్నిటికీ ఆయనే పెద్ద. ఆరాధన అయ్యాక బాపును పక్కకు పిలిచి, నాకు వినపడేటట్టే చెప్పారు. "పాట ఒకదిక్కు పోతాంది, పెట్టె ఒకదిక్కు పోతాంది. నకిరేకల్ల వాయించ నేర్చుకున్న మనిషి ఉన్నడు. క్రిస్మస్ దాకా చూస్త. అప్పటికి గూడ గిట్లనే ఉంటే పెట్టె బండెక్కుతది." పెట్టె పోతే నాకిక మిగిలేది కొడవలే అని భయం పట్టుకుంది.

శాస్త్రం నేర్చుకోవాలని అప్పుడు పట్టుబట్టాను. మా పాటల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చువేసి ఉండేవి. "బాపూ, గీ బిలహరి ఏంది?" అంటే "పాట కట్టినాయన పేరేమో బిడ్డా" అన్నాడు. నేనూ తక్కువ దాన్నేం కాదు, ఆది తాళమని ఉన్నవన్నీ ఆదివారం పాడుకునేవని అప్పటిదాకా అనుకున్నాను. నా పోరు పడలేక బాపు సూర్యాపేట బజారు నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. గురువు అక్కర్లేకుండా హార్మోనియం నేర్చుకోవచ్చని అట్ట మీద పెద్ద అక్షరాలు. లోపల ఎక్కడ చూసినా 'తక్కినది గురుముఖమున గ్రహింపవలెను' అని చిన్న అక్షరాలు. ఆ రాసినాయన కనబడితే కడిగేద్దామనిపించింది. స్వరాలు ఏడట. అవి కూర్చునే స్థానాలు పన్నెండట. వాటికి పేర్లు మళ్లీ పదహారట. ఒకే మెట్టు ఒకసారి చతుశ్రుతి రిషభమట, ఇంకోసారి శుద్ధ గాంధారమట. రి ఎట్లా గ అవుతుంది? అయితే ఇన్నాళ్లూ నేను ఒత్తింది ఏది? పుస్తకం గోడకేసి కొట్టాను.

బాపు దాన్ని తీసుకుని దుమ్ము దులిపాడు. "గంత కోపమెందుకే? మీ అమ్మ తమ్ముడు నీకు మేనమామ, నాకు బామ్మర్ది. మనిషి ఒక్కడే గదా. ఎవలి దిక్కుకెల్లి వరుస కడుతున్నమో చూడాలె" అన్నాడు. సంగీతం గురించి అడిగితే చుట్టాల గురించి చెబుతాడేమిటని నాకు ఇంకా కోపం వచ్చింది. విసురుగా లేచి గుడిలోకి పోయాను.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. గుడి పక్కనే మా ఇల్లు, వసారాలో అవ్వ బియ్యం చెరుగుతూ పాట కూనిరాగం తీస్తోంది. ఆమె ఎక్కడుందో పట్టుకుందామని పెట్టె ముందు కూర్చున్నాను. అయిదో తెల్ల మెట్టు ఒత్తితే ఆమె కంటే కింద ఉంది. ఆరోది ఒత్తితే ఆమెను దాటిపోయింది. మళ్లీ అయిదు, మళ్లీ ఆరు. కళ్లలో నీళ్లొచ్చాయి. అరచేత్తో మెట్లన్నిటినీ కలిపి ఒక్క చరుపు చరిచాను. పెట్టె దయ్యం పట్టినట్టు ఏడ్చింది. చెయ్యి తీస్తుంటే ఒక వేలు మాత్రం ఆ రెంటి మధ్యనున్న నల్ల మెట్టు మీద ఆగిపోయింది. అది మోగుతోంది, వసారాలో అవ్వ పాడుతోంది, రెండూ ఒక్కటే. నేను దుఃఖానికని పక్కన పెట్టిన మెట్టు మీద కూర్చుని ఆమె హాయిగా బియ్యం చెరుక్కుంటోంది.

నాకు అప్పుడు బాపు మాట తలకెక్కింది. తెలుపూ నలుపూ మెట్ల రంగే తప్ప పాటతో వాటికి సంబంధం లేదు. పాట ఎక్కడ కూర్చుంటే అదే స. అక్కడినుంచి వరుస కడితే మిగతా అందరికీ పేర్లొస్తాయి. నాకొచ్చిన పాటను మొదటి మెట్టు నుంచి మళ్లీ వాయించి, ఈసారి నల్లవాటిని కూడా లెక్కలోకి తీసుకుంటూ ఒక్కో అడుగుకూ మధ్య ఎన్ని మెట్ల దూరమో చూసుకున్నాను. అవే దూరాలను నల్ల మెట్టు నుంచి లెక్కేసి వాయించాను. పాట వచ్చింది. గట్టిగా నవ్వాను కూడా. కానీ అర్థమైనంత సులువుగా వేళ్లు వింటాయా? ఒక్కో చోటికి ఒక్కో నడక. నిన్న వచ్చింది ఇవాళ రాదు. వానలు పోయి చలి వచ్చేదాకా నాకు అదే పోరు. మా అమ్మ విసిగిపోయి "ఇంట్ల ఎవలు సచ్చిన్రని నల్లయి ఒత్తుతున్నవే?" అని రోజూ తిట్టేది.

క్రిస్మస్ పొద్దున గుడి నిండిపోయింది. అయ్యగారు ముందు కూర్చున్నారు. పెట్టెను ఎక్కించుకుపోవడానికి బండి కూడా బయట సిద్ధంగా ఉంది. అవ్వ కొత్త చీర కట్టుకుని, గొంతు సవరించుకుని, ఎన్నడూ లేనంత పైనుంచి ఎత్తుకుంది. ఒక్క మెట్టు తడిమి రెండో దానిమీద ఆమెను పట్టుకున్నాను. రెండో చరణానికి ఆమె ఎక్కింది, నేనూ ఎక్కాను. మూడో చరణానికి మళ్లీ ఎక్కింది. నేను వదల్లేదు. పాట అయ్యేసరికి నా రవిక తడిసిపోయింది.

ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాను. ఒక్కరూ అనలేదు. బయటికొచ్చాక ఒకామె "ఇయ్యాల పెట్టె మోగలేదేంది, ఖరాబైందా?" అంది. అవ్వ కూడా నా గడ్డం పట్టుకుని "పండుగ పూట పెట్టె ఎందుకు వాయించలేదు బిడ్డా, అలిగినవా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్లూ తప్పు వాయించినప్పుడు ఊరందరికీ వినపడింది, సరిగ్గా వాయించిన రోజు పాటలో కలిసిపోయి ఎవరికీ వినపడలేదు. అయ్యగారు మాత్రం పోతూపోతూ "పెట్టె ఈడనే ఉండనీ" అన్నారు. బండి ఖాళీగా పోయింది. అవ్వ కాళ్లు నొప్పంటే వాకిట్లో కూర్చుని నూనె రాశాను.

ఆ వచ్చిన ఎండల్లో అవ్వకు వడదెబ్బ తగిలింది, ఇక లేవలేదు. తరువాతి ఆదివారం పాట ఎత్తుకునేవాళ్లు లేక జనమంతా నా వంక చూశారు. నేను ఎడమ చివరి తెల్ల మెట్టు ఒత్తాను. అందరూ బుద్ధిగా దాని వెనకే వచ్చారు. ఆనాటి నుంచి ఎప్పుడూ అంతే. ఏ మెట్టు ఇస్తే ఆ మెట్టు మీదే పాడతారు, ఎవరూ ఎక్కరు, ఎవరూ పారిపోరు. ఆమె ఎక్కడికి పోయినా వెంట పోవడం నేర్చుకోవడానికి నాకు అన్ని నెలలు పట్టింది. వెంట పోవడానికి దక్కింది ఒక్క చలికాలం.