మూడోసారి అడగని చోట

మా ముత్తాతగారికి విజయనగరం వైపు కొన్ని ఊళ్ల మీద పెత్తనం ఉండేది. నాకు తెలిసిన తాతగారు మాత్రం భిలాయి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. భూములు పోయాయి, మేడ పోయింది. భిలాయిలో మరోదా అనే పేటలోని కంపెనీ క్వార్టర్లోకి మాతో వచ్చింది ఒక పద్ధతి మాత్రమే. ఎవరైనా తినమంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే అప్పుడు కొంచెం. రోడ్డు మీద నిలబడి తినడం అసలు లేదు. "మనమేటి, తిండికి మొహం వాచిపోయినోళ్లమా?" అనేది నాయనమ్మ.

నలభై దాటాక దూరప్రయాణపు సైకిలు పోటీలో చేరాను. ఒక్క రోజులో రెండు వందల కిలోమీటర్లు తొక్కాలి. గడువులోగా వస్తే పతకం ఇస్తారు, లేకపోతే ఫలితాల్లో పేరే ఉండదు. మా ఇంటి గౌరవమంతా నేను పుట్టకముందు ఎవరో సంపాదించినది. ఇదొక్కటి నా కాళ్లతో సంపాదించాలనుకున్నాను. బంధువులందరికీ చెప్పి మరీ బయలుదేరాను.

నందిని సున్నపురాయి గనులు దాటేవరకూ, ఆ తర్వాత కూడా గాలి వెనకనుంచి తోసింది. జేబులోని అరటిపళ్లు సగం దారిలోనే అయిపోయాయి. దారి పొడుగునా దుకాణాలున్నాయి, ఎక్కడా ఆగలేదు. వెనక్కి తిరగాల్సిన చోట షామియానా వేశారు. అక్కడ ఒక అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, నా కార్డు మీద ముద్ర వేసి అటుకుల ఉప్మా ప్లేటు చాపింది.

"పోహా తీసుకోండి భయ్యా. వాపసులో గాలి ఎదురే."

"వద్దమ్మా."

"ఠీక్ హై," అని ఆ ప్లేటు నా వెనకాయన చేతిలో పెట్టేసింది.

సీసాలో నీళ్లు నింపుకున్నాను. హెల్మెట్ పట్టీ విప్పి మళ్లీ బిగించుకున్నాను. ఆమె నావైపు చూడలేదు. వెనకాయన రెండో ప్లేటు అడిగి తిన్నాడు.

తిరుగుదారిలో నందిని గనులు చేరకముందే కాళ్లలో సత్తువ పోయింది. నొప్పేమీ లేదు. తొక్కుతున్నాను, సైకిలు కదలడం లేదు, అంతే. ఒక కల్వర్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరెవరో దాటిపోయారు. చివరికి చేరేసరికి గడువు ముగిసింది, బల్లలు మడుస్తున్నారు. ఆ అమ్మాయి కారులో ముందే వచ్చేసి ఉంది.

"ఏటి భయ్యా, అప్పుడే తినమన్నాను కదా?"

"ఒక్కసారే అడిగావు."

"ఎన్నిసార్లు అడగాలేటి? మీరేమైనా కొత్తల్లుడా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికి వెళ్లి, గడువు దాటిందని బంధువులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. చెప్పి బయలుదేరినవాడు చెప్పే తిరిగి రావాలి.

తర్వాత ఆలోచిస్తే, మా పద్ధతిలో తప్పేమీ కనబడలేదు. అది నడవాలంటే మూడోసారి అడిగే మనిషి కావాలి. ఆ అమ్మాయి ప్లేట్లు అందించాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

మరుసటి ఏడాది అదే దారి, అదే షామియానా. ఈసారి ప్లేట్లు పంచుతున్నది ఎవరో పెద్దాయన. ఆయన అడగకముందే, "పోహా ఉందా భయ్యా?" అన్నాను. సైకిలు పట్టుకుని, రోడ్డు మీద నిలబడి తిన్నాను. ఇంకొంచెం పెట్టమన్నాను. గడువు కాస్త మిగిలి ఉండగానే చేరాను.

పతకం అమ్మ చేతిలో పెట్టాను. చూసి, "అన్నం తింటావేటి?" అంది.

వద్దన్నాను. ఇంట్లో అలవాటు మార్చలేదు. అమ్మ ఇంకా రెండుసార్లు అడుగుతుంది.