ఐసు మీద పెట్టిన కణాలు

చేపల రేవులో పొద్దున్నే ఐసు దంచే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ముందు సిగ్గు, దాని వెనకే చెప్పలేనంత హాయి. మా అమ్మ చేపలు అమ్మేది. బడి లేని రోజుల్లో బుట్టలో ఐసు సర్దడం నా పని. ఏదైనా పాడవకూడదంటే ఐసు మీద పెట్టాలన్నది మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పిన సంగతి. ఆ సంగతే నా పరిశోధనను నిండా ముంచబోయింది. ముంచనివ్వని మనిషి పైడిరాజు గారు.

ఆయన ప్రొఫెసరు కాదు. మధురవాడ వైపున్న మా ప్రయోగశాలలో కణాలను పెంచే టెక్నీషియన్. కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చి, చెప్పులు విప్పీ విప్పగానే కణాలున్న పళ్ళేల దగ్గరికి వెళ్ళి, "మేత సరిపోయిందా తల్లుల్లారా?" అని పలకరించేవారు. మేం నవ్వితే, "నవ్వండి, నవ్వండి. మీ థీసీసులన్నీ రాయాల్సింది ఈళ్ళే" అనేవారు.

కణం లోపల సన్నని గొట్టాలుంటాయి. కణం తన సరుకును అటూ ఇటూ మోసుకునే దారులవి. మేం పట్టాలనే అనేవాళ్ళం. జలుబు తెప్పించే ఒక వైరస్ లోపలికి దూరాక ఆ పట్టాలను ఏం చేస్తుందన్నది నా ప్రశ్న. మూడేళ్ళు గడిచినా చూపించుకోవడానికి ఏమీ లేదు. సోమవారం కమిటీ. ఈసారీ వట్టి చేతులతో వస్తే సీటు రద్దు చేస్తామని ముందే చెప్పేశారు. సరిగ్గా దాని ముందు వారమే మైక్రోస్కోపు కింద అద్భుతమైన బొమ్మ దొరికింది. వైరస్ సోకని కణాల్లో పట్టాలు ఆకుపచ్చగా, చక్కగా పరుచుకుని ఉన్నాయి. సోకిన కణాల్లో పట్టాలే లేవు, అంతా మసక. వైరస్ పట్టాలు పీకేస్తోంది! శుక్రవారం పొద్దున ఎగురుకుంటూ వెళ్ళి పైడిరాజు గారికి చూపించాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"అమ్మా కనకా, ఈ వైరస్సుకి కాళ్ళున్నాయేటి?"

"లేవు బాబాయ్."

"మరి కణం నడిమధ్యకి, ఆ కేంద్రకం దాకా ఎలాగెల్తాది?"

"పట్టాల మీదే. కణం బళ్ళెక్కి."

"తానెల్లాల్సిన దారి తానే పీకేసుకుంటాదేటి? అంత తెలివితక్కువదా అది?"

నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళకు దొరికిన ఒకే ఒక్క బొమ్మ! "ఫోటో అబద్ధమాడతాదా?" అన్నాను గట్టిగానే. ఆయనేమీ అనుకోలేదు.

"ఫోటో అబద్ధమాడదమ్మా. నువ్వేటి సేసావో అదే సూపిత్తాది. ఏటి సేసావో మొదట్నుంచీ సెప్పు."

చెప్పాను. వైరస్ వేసేది పైగదిలో. కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపేసే మందు మహా ఘాటు కాబట్టి దాన్ని కిందిగదిలో ఉంచుతారు. వైరస్ వేయని పళ్ళెం ఆ కిందిగదిలోనే, వెచ్చని పెట్టెలో ఉంటుంది. సోకిన పళ్ళేన్ని మాత్రం పైనుంచి తెచ్చి, ఆ మందు వేసుకునే నా వంతు వచ్చేదాకా ఓ అరగంట ఐసు మీద ఉంచాను. ఆ మాట నోటుబుక్కులో కూడా రాయలేదు. వంట రాసుకునేవాళ్ళు పొయ్యి వెలిగించామని రాసుకోరు కదా!

"ఐసెందుకు?"

"పాడవకుండా."

ఆయన ముఖంలో ముందు నవ్వు వచ్చింది, తర్వాత జాలి. "ఓలమ్మో! అయ్యేటి సేపలా? ఆ గొట్టాలు ఒంటి వెచ్చదనం ఉంటేనే నిలబడతాయి. సలికి ఊడిపోతాయి. పట్టాలు పీకింది వైరస్సు కాదమ్మా, నువ్వు."

"ఇప్పుడేం చెయ్యాలి?" అంటే ఏడుపు ముందొచ్చింది. "రేపు నానొత్తాను. మళ్ళీ సేద్దాం" అన్నారు. శనివారం ఆయన మేనకోడలి నిశ్చితార్థం. అయినా వచ్చారు. నాలుగు పళ్ళేలు పెట్టాం: వైరస్ ఉన్నవి రెండు, లేనివి రెండు, ప్రతి జంటలో ఒకటి వెచ్చగా, ఒకటి ఐసు మీద. సాయంత్రం చూస్తే, ఐసు మీదివి రెండూ మసకే. వైరస్ లేనిది కూడా! వెచ్చగా ఉంచినవాటిలో, సోకిన కణాల్లోనూ పట్టాలు నిక్షేపంగా ఉన్నాయి. వాటి మీద వైరస్‌లు ఎర్రని చుక్కలుగా బారులు తీరి కేంద్రకం వైపు సాగి ఉన్నాయి.

"సూడు, దర్జాగా బండెక్కి ఎల్తంది దొంగది!" అన్నారాయన. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఆ అబద్ధాన్ని నా పేరుతో నేనే చాటింపు వేసుకునేదాన్ని.

సోమవారం కమిటీ ముందు నా తప్పే మొదట చెప్పాను. ఆ తర్వాతే నాలుగు పళ్ళేల బొమ్మలు చూపించాను. బయటికొచ్చేసరికి వరండాలో పైడిరాజు గారు నిలబడి ఉన్నారు.

"ఏటైంది?"

"ఉంచారు బాబాయ్."

"హమ్మయ్య!" అంటూ అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. "నిన్నట్నుంచీ అన్నం సయించనేదే అమ్మా."

ఆయన రిటైరయ్యాక వాళ్ళింటికి నా థీసీసు పట్టుకెళ్ళాను. మొదటి పేజీలో ఆయన పేరు చూపిస్తే అక్కడ ఆగనే లేదు. "అది సరేగానీ, ఆ తప్పు రాసావా నేదా?" అన్నారు. రాసిన పేజీ తీసి ఇచ్చాను. బొమ్మల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నారు. "ఇంక బెంగ నేదు. మరోడు సెయ్యడు" అన్నారు. నా దగ్గర చేరే ప్రతి విద్యార్థికీ నేను మొట్టమొదట చదవమని ఇచ్చేది ఆ పేజీయే.