అమ్మోరి పుంజు కాలు

ఈ రోజు ఇక్కడ మలేషియాలో, బంటింగ్ ఊళ్లో షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి, నానమ్మ అమ్మోరికి మొక్కిన పుంజు కుంటుతోంది. పాదం అడుగున పుండు. తడి సిమెంటు మీద కట్టేసి ఉంచితే పుండు పడక ఏమవుతుంది? ఒళ్లు మండింది. వీడియోల్లో నేర్చుకున్నట్టే గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, పొడి రంపపు పొట్టు మీదికి మార్చాను.

"అమ్మోరి కోడికి మందేటిరా? ఆవిడే సూసుకుంటాది," అంది నానమ్మ.

"అలా కాదు లా, నానమ్మా. కట్టేసినోళ్లే సూడాల," అన్నాను, ఇక్కడి మలయ్ వాళ్ల 'లా' తగిలించి.

నానమ్మ నవ్వింది. "మంచి పనే సేసినావులే. కుంటి కోడిని అమ్మోరు ఒల్లదని, దీన్ని వదిలేద్దామనుకున్నాను. ఇప్పుడు పండక్కి కోసీయొచ్చు."

పుంజు నా చేతిలో గింజలు తింటూనే ఉంది.

పుండు చూస్తూ ఊరుకోలేను, రేపూ కట్టు మారుస్తాను. పాదం మాన్పడం నాకొచ్చు. పండగలోపు నానమ్మ మనసు మార్చడం ఎలాగో మీరు చెప్పండి.